కదిలితే నాది

మచ్చలమ్మ దుప్పటి అంచులు రెండు చేతులా పట్టుకుని ట్యూబులైటు కింద పరిచింది. నడిమధ్యన ఈగకాలంత నల్లటి నలుసు. గోటితో గీకింది. పోలేదు.

"నీ దుంపతెగ!" అని కసిరింది.

పక్క బల్ల దగ్గర ఇస్త్రీ చేసే ఆవిడ తలెత్తింది. "ఎవరితో వదినా పోట్లాట?"

"ఈ మచ్చతో."

ఆవిడ వంగి చూసింది. "ఏ మచ్చ?"

మచ్చలమ్మ దుప్పటిని మళ్ళీ ఉతికే గంపలో పడేసింది. హోటళ్ళ దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో మరకలు మిగిలాయేమో చూసి పంపడమే ఆమె పని. పెళ్ళయిన ఏడాదే చేరింది. ఆ పేరు కూడా పని పెట్టిందే. ఈమధ్య మాత్రం మల్లెపువ్వులాంటి దుప్పట్లు కూడా గంపలోకే వెళుతున్నాయి.

కళ్ళలో ఏవో నలుసులు తేలుతున్నాయని చెప్పినప్పటినుంచి భర్తకు వేరే ధ్యాస లేదు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మందుల షాపులో అడిగి బంతిపువ్వు రంగు బిళ్ళల సీసా తెచ్చాడు. పొద్దున్నే ఒక చేత్తో బిళ్ళ, ఇంకో చేత్తో నీళ్ళగ్లాసు పట్టుకుని, టిక్కెట్టు తీసుకోని మనిషిని ఆపినట్టు గుమ్మానికి అడ్డం నిలబడతాడు.

"ఏమే, తగ్గిందా?"

"కాస్త తగ్గినట్టే ఉందండీ."

తగ్గలేదు. ఆయన మొహం వికసించడం చూడ్డానికి ఆమాత్రం అబద్ధం పాపం కాదనుకుంటుంది.

మధ్యాహ్నం సూపర్‌వైజరు పిలిచాడు. "కళ్ళు చూపించుకో అమ్మా. ఇలాగైతే ఆ బల్ల దగ్గర ఇంకొకరిని పెట్టక తప్పదు."

అటునుంచటే ఆస్పత్రికి వెళ్ళింది.

డాక్టరమ్మ కంట్లో చుక్కలు వేసి, లోపలంతా చూసింది. "భయం లేదు. వయసు మీదపడితే కంటి లోపలి జిగురు పోగులు కడుతుంది. మీకు కనిపించేవి వాటి నీడలు. మెరుపులొచ్చినా, నలుసులు ఒక్కసారిగా ఎక్కువైనా మాత్రం పరుగున రండి."

"మావారు బిళ్ళలిస్తున్నారండీ."

"వాటితో ఇవి పోతాయని చెప్పలేనమ్మా. వేసుకుంటే మీకు హానీ లేదు."

"అయితే వేసుకుంటాను. మానేస్తే ఆయన చిన్నబుచ్చుకుంటారు."

డాక్టరమ్మ నవ్వింది. "పనిలో అనుమానమొస్తే కళ్ళు అటూ ఇటూ తిప్పండి. మచ్చ కూడా తిరిగితే అది మీ కంట్లోదే."

బయటికొచ్చి, సున్నం గోడమీద కళ్ళు తిప్పి చూసింది. నలుసు బుద్ధిగా వెంటవచ్చింది. "కదిలితే నాది, కదలకపోతే దుప్పటిది!" అని పైకే అనేసి, తనలో తనే నవ్వుకుంది. బల్ల దక్కింది. ఈ మాట ముందు ఆయన చెవిన వేయాలి.

చుక్కల వల్ల ఇల్లంతా మసకమసగ్గా ఉంది. వంటింటి కుర్చీలో ఆయన గోడకు తల ఆనించి కునుకు తీస్తున్నాడు. ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది. నీడల సంగతి, గోడ సంగతి. "మీ బిళ్ళలు బాగా పనిచేస్తున్నాయందండీ" అని చివర్న ఒకటి కలిపింది.

ఆయన "చూశావా మరి!" అనలేదు.

లేచి భుజం మీద చెయ్యి వేసింది. చొక్కా కింద ఒళ్ళు చల్లబడిపోయింది. చాలాసేపు ఎవరినీ పిలవలేదు. చెదిరిన జుట్టు వేళ్ళతో దువ్వి, ఆ పక్కనే నిలబడిపోయింది.

బల్లమీద, కళ్ళకు మంచిదని ఎవరు చెప్పారో ఏమో, ఒక క్యారెట్టు ఉంది. సగం వరకే చెక్కు తీసి ఉంది. తీసినంతమేరా అప్పుడే వాడుతోంది.