పిట్టంత పారాచూట్

మా తమ్ముడు విమానంలోంచి దూకుతానంటే ఇంట్లో ఎవరూ వద్దనలేదు. నేను ఎన్నాళ్ళుగానో దూకుతున్నాను కాబట్టి, ఆడపిల్ల చేసే పని వాడు చేయలేడా అని అమ్మ ధైర్యం. గొడవంతా పారాచూట్ సైజు దగ్గర మొదలైంది.

మేం దూకి దిగే మైదానంలో ఎవరికి ఎంత పారాచూట్ సరిపోతుందో తేల్చడం నా ఉద్యోగం. పెద్ద లెక్కేమీ కాదు. మనిషి బరువుకు ఒంటి మీది సరంజామా బరువు కలిపి, దాన్ని ఎంత గుడ్డ మోయాలో చూడటమే. గుడ్డ తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది. పెద్దది మన తప్పుల్ని కాస్త ఓర్చుకుంటుంది, చిన్నది ఓర్చుకోదు. ఈ నాలుగు ముక్కలూ చెబితే అందరూ బుద్ధిగా తలూపుతారు. తలూపి, వెళ్ళి చిన్నదే అడుగుతారు. వీపు మీది సంచి ఎంత చిన్నదైతే మనిషి అంత గొప్పవాడని మా మైదానంలో మగమహారాజుల నమ్మకం.

తమ్ముడు పొద్దున్నే ఖాళీ కడుపుతో, తువ్వాలు కట్టుకుని, ఊపిరంతా వదిలేసి కాటా ఎక్కాడు. వచ్చిన అంకె నాకు చెప్పి, దానికి తగ్గ పారాచూట్ ఇమ్మన్నాడు.

“దూకేటప్పుడు కూడా తువ్వాలుతోనే దూకుతావా?” అన్నాను.

బూట్లు, హెల్మెట్, సంచితో సహా మళ్ళీ ఎక్కించాను. కాటా ముల్లు పరుగెత్తింది. కాటా పాడైందన్నాడు.

సరే, ఇంకో దారి చూపించాను. “నేనిచ్చే పెద్దదాంతోనే మైదానం మధ్య సున్నంతో గీసిన వలయంలో వరసగా దిగి చూపించు. నేలకు దగ్గర్లో ఎత్తు పోకుండా మెల్లగా పక్కకు తిరగడం చూపించు. అప్పుడు చిన్నదాని సంగతి మాట్లాడదాం.”

వాడు దిగని చోటంటూ లేదు, ఆ వలయం తప్ప. కార్లు నిలిపే చోట దిగాడు. క్యాంటీన్ వెనక ఆరేసిన దుప్పట్ల మీద దిగాడు. ఒకసారి కంచె అవతల ఎవరిదో వంకాయ తోటలో దిగి, తోటామెతో తిట్లు తిని వచ్చాడు.

“ఈ పెద్దది నా మాట వినదక్కా. చిన్నదైతే వేలు కదిపితే తిరుగుతుంది” అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నాడట. వేలు కదిపితే తిరుగుతుంది, నిజమే. తిరిగేటప్పుడు ముక్కు కిందికి పెట్టి దూసుకుపోతుంది కూడా. పైన ఆకాశంలో అది సరదాగానే ఉంటుంది. నేల దగ్గర అదే పని చేస్తే కాళ్ళు మిగలవు, ఒక్కోసారి మనిషే మిగలడు. నేను కుదరదన్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర విచారణ జరిగింది. ముద్దాయిని నేనే.

“చిన్నది ఇస్తే నీ సొమ్మేం పోయిందే?” అంది అమ్మ. “పెద్దదైతే గాలికి ఎటో ఎగరేసుకుపోతుంది. చిన్నదైతే దెబ్బ కూడా చిన్నదే తగులుతుంది.”

“అమ్మా, అది చాకు కాదు, పారాచూట్.”

“పిట్ట కొంచెం కూత ఘనం వదినా” అంది మరదలు. “అలమార సగం ఆయన సంచే. నా చీరలన్నీ మంచం కిందికి చేరాయి.”

మళ్ళీ చెప్పాను. బరువు చెప్పాను, వేగం చెప్పాను, గరిటెతో గాల్లో మలుపు కూడా తిప్పి చూపించాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. తమ్ముడి మీద నాకు చిన్నప్పటి నుంచీ కుళ్ళని అమ్మ తేల్చేసింది.

తర్వాతి ఆదివారం వాడు నాతో చెప్పకుండా ఇంకో మైదానానికి వెళ్ళాడు. అక్కడ బరువు అడిగేవాళ్ళు లేరు, వలయాలు గీసేవాళ్ళు లేరు. చిన్న పారాచూట్ అద్దెకిచ్చారు. సాయంత్రానికి వాడు దిగుతున్న వీడియోతో ఇంటికొచ్చాడు. అమ్మ దాన్ని టీవీలో పెట్టించి, చుట్టాలందరికీ పంపించి, అప్పుడు నన్ను పిలిచింది.

“చూడు. నిలువుకాళ్ళ మీద దిగాడు” అంది.

చూశాను. కంచె దగ్గరపడే వరకు తిన్నగానే వచ్చాడు. కంచెను చూసి బెదిరి, ఒక్క చేతి తాడు బలంగా లాగేశాడు. పారాచూట్ తిరుగుతూ తలకిందులైనంత పని చేసింది. వాడు నేల మీదికి విసిరేసినట్టు వచ్చాడు. అక్కడ మైదానం ఒక్కసారిగా పల్లంలోకి జారింది. ఆ పల్లం ఇచ్చిన రెండు మూడు మూరల ఎత్తులో పారాచూట్ మళ్ళీ తిన్నగా సర్దుకుంది. వాడు పరుగెత్తి నిలబడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

“నేల చదునుగా ఉంటే వీడు ఇప్పుడిక్కడ ఉండడు” అన్నాను.

“ఇదిగో, మొదలుపెట్టింది” అంది అమ్మ.

తమ్ముడు మాత్రం టీవీ వైపు చూడటం లేదు.

అప్పుడే వాడి ఫోను మోగింది. ఆఫీసులో వాడి పక్క కుర్చీలో కూర్చునే మనిషి. వీడి కబుర్లు విని ఈమధ్యే దూకడం నేర్చుకున్నాడు. పొగుడుతాడు, అందరం విందామని అమ్మే స్పీకర్ నొక్కింది.

“వీడియో చూశానండీ, అదరగొట్టేశారు. ఇప్పుడు పారాచూట్ల కొట్లోనే ఉన్నాను. పెద్దది వద్దులెండి, నన్ను కూడా మీ సైజే తీసుకోమంటారా?”

మరదలు చెప్పండి అన్నట్టు తమ్ముణ్ణి మోచేత్తో పొడిచింది. ఒక్క అబద్ధమాడితే చాలు, వాడి గొప్ప అలాగే నిలుస్తుంది. ఆడేస్తాడనే అనుకున్నాను. ఫోను లాక్కోవడానికి ముందుకు వంగాను కూడా.

“తీసుకోకండి” అన్నాడు తమ్ముడు.

“ఏమండీ?”

“నేనివాళ చచ్చిపోయేవాణ్ణి. పక్కన పల్లం ఉండబట్టి బతికాను. నాకది తిప్పడం రాదు. ఇంటికి వెళ్ళిపోండి.”

ఫోను పెట్టేశాడు. టీవీలో వాడు ఇంకా నవ్వుతూ చెయ్యి ఊపుతున్నాడు. మరదలు లేచి దాన్ని ఆపేసింది. అమ్మ వాడి మొహం చూసింది, మోకాళ్ళు తడిమింది, చేతులు తడిమింది. ఎక్కడా గీత కూడా లేదు. తర్వాత ఆ కళ్ళు నా మీదికి తిరిగాయి.

“ఇంత ప్రమాదమని తెలిసి, మాకు ఒక్క ముక్కయినా చెప్పావా నువ్వు?” అంది.

ఇంకోరోజైతే ఇల్లెగిరిపోయేలా అరిచేదాన్ని. తమ్ముడు నా కొంగు పట్టుకుని ఉన్నాడు.

“లేదమ్మా, చెప్పలేదు” అన్నాను.