రెడ్డెమ్మ చెరిగిన గుళికలు

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది ఐదుగురే. పెరటి గదిలో పనివాళ్లంతా పెద్దమ్మగారు అనే అర్థంలో పెద్ద మామా అని పిలిచే ముసలావిడ, మేడ మీద ఆమె కొడుకు, వంటింట్లో కోనసీమ సూరాయమ్మ, గేటు పక్క గదిలో డ్రైవరు మస్తాన్ వలి, రెడ్డెమ్మ. కోడలు పిల్లల్ని తీసుకుని జాబ్రియాలోని పుట్టింటికి వెళ్లింది.

తెల్లవారి ఐదింటికి రెడ్డెమ్మ ఎప్పటిలాగే షెడ్డులోకి వెళ్లి, ఎడమ చేతి మీద నాలుగు కట్టెలు పేర్చుకుని, ఐదో దాని కోసం వంగినప్పుడు గుర్తొచ్చింది. ఇనుప పొయ్యిని నిన్ననే గదిలోంచి తీసేశారు. అది షెడ్డు మూలన, గొట్టం ఊడిపోయి, తలుపు తెరుచుకుని ఉంది. ఆమె కట్టెల్ని ఒక్కొక్కటిగా మళ్లీ దొంతిలో పెట్టింది.

రెడ్డెమ్మకు యాభై ఆరేళ్లు. పొట్టి మనిషి. కుడి ముంజేతి మీద వెంట్రుక మొలవదు. మణికట్టు దగ్గర నాలుగైదు పాత కాలిన మచ్చలు. రాయచోటి దగ్గరి పల్లె నుంచి ఒక జనవరిలో, పలచటి నైలాన్ చీరతో ఈ అరబ్బు దేశానికి, మిష్రిఫ్‌లోని ఈ ఇంటికి వచ్చింది. ఇక్కడ చలి ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పెద్ద మామా ఆ రోజు పనేమీ చెప్పలేదు. పొయ్యి ముందు కూర్చోబెట్టి, చేతులు వెచ్చబడేదాకా లేవొద్దని సైగ చేసింది. ఆ పొగ వాసనకు రెడ్డెమ్మకు ఏడుపొచ్చింది. ఇక్కడి సమ్ర్ కట్టె తమ ఊరి తుమ్మకు చుట్టమని ముక్కుకే ముందు తెలిసింది. మర్నాడు పొయ్యి తనే వెలిగించింది. అలా పందొమ్మిది చలికాలాలు.

మధ్యలో తనకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు మాత్రం ఇరవై రోజులు పెద్ద మామానే వెలిగించింది. గదంతా పొగ నింపింది. దగ్గుకుంటూ, టీ గ్లాసు పట్టుకుని రెడ్డెమ్మ మంచం దాకా వచ్చేది. టీలో చక్కెర మరీ ఎక్కువ. రెడ్డెమ్మ ఆ సంగతి ఏనాడూ చెప్పలేదు.

ఇప్పుడు ఇద్దరికీ దగ్గే. పొగ మానాల్సిందేనని డాక్టరు పెద్ద మామాకు చెప్పాడు. మంట సంగతి రెడ్డెమ్మకే తెలుసని కొడుకు ఆమెను దుకాణానికి వెంటబెట్టుకెళ్లాడు. అక్కడ రెండు చూపించారు. ఒకటి పొగ గదిలోకి రానివ్వని, అద్దం తలుపున్న కట్టెల పొయ్యి. రెండోది గుళికల పొయ్యి. రంపపు పొట్టును అదిమి చేసిన గుళికలు పైన పోసి మీట నొక్కితే, అదే కొంచెం కొంచెం తీసుకుంటూ మండుతుంది. మొదటిదే పెద్ద మామాకు నచ్చుతుందని రెడ్డెమ్మకు తెలుసు. దాని తలుపు చాలాసార్లు తీసింది, వేసింది. చివరికి రెండోదాని మీద చెయ్యి పెట్టింది.

"ఇది తీసుకో బాబా. దీనికి రెడ్డెమ్మ అక్కర్లే."

ఆ మాట ఈ రోజు నిలబడాలి. ఊళ్లో చెల్లెలు వెంకటేశ్వరి ఒంటరిది. చూపు మందగించి, మొన్న గంజి వార్చబోయి కాళ్ల మీద పోసుకుంది. ఈ చలికాలం గడవనీ రెడ్డీ అని పెద్ద మామా ఏటా అంటుంది. ఏటా రెడ్డెమ్మ ఆగుతుంది. ఈసారి ముసలావిడ ఒక షరతు మీద ఒప్పుకుంది. నువ్వు లేకుండా నా గది వెచ్చగా ఉంటేనే వెళ్లు అంది. విమానం సాయంత్రం నాలుగింటికి.

ఆరింటికి వెలిగించిన కొత్త పొయ్యి పది నిమిషాలు మండి ఆరిపోయింది. మళ్లీ వెలిగిస్తే మళ్లీ ఆరింది. మూడోసారి దాని తెర మీద ఎర్రగా ఏవో అక్షరాలు వచ్చాయి. కొడుకు కిందికి దిగొచ్చి దుకాణానికి ఫోన్ చేశాడు. మనిషిని ఆదివారం పంపుతామన్నారు.

"టికెట్ మార్పిస్తాను రెడ్డీ. ఆదివారం దాకానే కదా," అన్నాడు.

కంబళిలోంచి పెద్ద మామా ముఖం వికసించింది. "ఖలాస్! ఈ డబ్బాను బయట పారేయండి. నా పొయ్యి నాకు తెండి."

ఆదివారం దాకా ఆగడమంటే ఎండలు ముదిరేదాకా ఆగడమేనని రెడ్డెమ్మకు తెలుసు. గుమ్మంలో మస్తాన్ వలి ఆమె పెట్టెను భుజాన పెట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, దీన్ని కార్లో పెట్టేదా, దించేదా? ఏదో ఒకటి చెప్పు, నడుము పోతాంది."

"ఉండు వలీ. ఇది ఏంటికి ఆరిపోతాందో చూడనీ."

పొయ్యి పైమూత తీసి గుళికల్లోకి చెయ్యి దించింది. పైనంతా బాగానే ఉన్నాయి. మణికట్టు మునిగేసరికి మెత్తగా తగిలింది. పిడికిట తీసి చూస్తే అంతా పొడి. గుళికలు జారే రంధ్రం దగ్గర ఆ పొడి గడ్డకట్టి ఉంది. ఆమె పొయ్యి కరెంటు తీగ పీకి, ఉన్నదంతా గ్లాసుతో తోడి, చెంచా కాడతో ఆ గడ్డను పెళ్లగించింది. అక్కడితో ఆగలేదు. గుళికల కొత్త మూటను పెరట్లోకి ఈడ్చుకెళ్లి, విందులకు అన్నం పెట్టే పెద్ద పళ్లెంలో పోసి, గాలికి పక్కగా నిలబడి చెరగడం మొదలుపెట్టింది. పళ్లెం ఎగిరినప్పుడల్లా పసుపు రంగు దుమ్ము గోడ మీదికి లేచిపోతోంది. గుళికలు గలగలమంటూ వెనక్కి పడుతున్నాయి. కొడుకు ఫోను చేతిలో పట్టుకుని అలాగే చూస్తున్నాడు.

సూరాయమ్మ వంటింటి కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఏంటక్కా, పొయ్యికి పెళ్లా ఏంటి, బియ్యం చెరిగేత్తన్నావ్?"

"దుమ్ము దాణా పెడితే గొర్రె కూడా మూతి తిప్పుకుంటది. మిషన్‌కు మాత్రం గొంతు లేదా?"

"అయితే ఇంత తాలింపెట్టి ఇమ్మంటావా?"

"నవ్వులకేం గానీ ఇది నేర్చుకో. రేపట్నుంచి నీ పనే. చెరిగినాకనే పొయ్యాల, మర్చిపోవాకు."

ఎనిమిదింటికి మళ్లీ మీట నొక్కారు. గుళికలు ఒకటీ అరా జారి పడ్డాయి. మంట లేచింది. పది నిమిషాలైంది, అరగంటైంది. లోపల మంట చిన్నదే గానీ తగ్గలేదు. కొడుకు రెడ్డెమ్మ తలకు తన అరచేతిని ఆనించి, మేడ మీదికి వెళ్లిపోయాడు. మస్తాన్ వలి పెట్టెను కారులో పెట్టాడు.

పన్నెండింటికి రెడ్డెమ్మ స్నానం చేసి, ప్రయాణపు చీర కట్టుకుని, పెరటి గదికి వచ్చింది. పెద్ద మామా కంబళి మెడ దాకా లాక్కుని కూర్చుంది.

"చలిగా ఉంది," అంది.

"చెమట పట్టింది గదా మామా."

ముసలావిడ పైపెదవి తుడుచుకుంది. కాసేపు పట్టుదలగా పొయ్యినే చూసింది. ఆ తర్వాత ఆపుకోలేక నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగలేదు. రెడ్డెమ్మ అది గమనించి మనసులోనే దేవుడికి దండం పెట్టుకుంది.

"దీనికి వాసనే లేదు రెడ్డీ. నీ తలగుడ్డ ఇచ్చిపో."

రెడ్డెమ్మ తలకు చుట్టుకున్న నల్లగుడ్డ విప్పి ఇచ్చింది. ఎన్నిసార్లు ఉతికినా పొగ వదలని గుడ్డ. పెద్ద మామా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది, ఆపైన భుజాన వేసుకుంది. రెడ్డెమ్మ వంగి ఆమె పాదాలు ముట్టుకుంది. అరబ్బీలో చెప్పాలని పొద్దుటి నుంచీ అనుకున్న మాట నోటికి రాలేదు.

"నన్ను మనిషి మాదిరి చూస్తివి మామా," అంది తెలుగులోనే.

పెద్ద మామా అర్థం అడగలేదు. చేతికర్ర ఊతంతో లేచి, ఆమెను వీపు మీద తడుతూ గుమ్మం దాటించింది.

"యల్లా, వెళ్లు. వేడి పోతోంది," అని, పందొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ తలుపు తానే మూసింది.

తలుపు సందులో నల్లగుడ్డ కొస బెత్తెడు బయటే చిక్కుకుని, బూడిద పట్టిన అంచుతో గాలికి కదులుతూ ఉంది.