ఇంటి సంగతులు అడగం

ఆ నలుగురు ఆడవాళ్లూ కలిసి పెట్టిన సంస్థ పని, బయటి పెద్దల దగ్గర డబ్బు తెచ్చి, ఆడవాళ్లు నడిపే వ్యాపారాల్లో పెట్టుబడి పెట్టడం. దానికి ఒక నియమం ఉంది. డబ్బు కోసం వచ్చినవాళ్లను ఇంటి సంగతులు అడగకూడదు. మొగుడు ఒప్పుకున్నాడా, పిల్లల్ని ఎవరు చూస్తారు, ఇవేవీ నోట రాకూడదు. ఈ నియమం పెట్టింది పెద్దావిడ. ఒకప్పుడు మందుసీసాల మూతలు తయారు చేద్దామని ఆవిడ బ్యాంకుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే, ప్రతి పెద్దమనిషీ మూతల ఊసెత్తకుండా మొగుడి గురించే ఆరా తీశాడు. ఆ మంట ఆవిడకు ముప్ఫై ఏళ్లయినా చల్లారలేదు.

లాండ్రీ అమ్మాయి మూడేళ్ల కిందట వచ్చింది. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే పని. నెత్తుటి మరక మీద ముందే వేడినీళ్లు పోస్తే ఇక జన్మలో వదలదని, మొదట చన్నీళ్లే పొయ్యాలని చెబుతుంటే పెద్దావిడకు ముచ్చటేసింది. పెట్టుబడి పెట్టారు. రెండు పెద్ద ఉతికే మిషన్లు, ఒక ఇస్త్రీ మిషన్ వచ్చాయి, పంతొమ్మిది మంది ఆడవాళ్లకు పని దొరికింది. షెడ్డు అద్దె కాగితం నలుగురిలో ఒకరైన లాయరమ్మ చూసింది. దాని మీద యజమాని ఎవరో మగమనిషి. ఆయన నీకేమవుతాడని ఎవరూ అడగలేదు. నియమం మరి.

పోయిన వానాకాలంలో ఆ అమ్మాయి రెండుసార్లు ఊరికే ఆఫీసుకొచ్చి కూర్చుంది. మొదటిసారి ఏమీ చెప్పకుండానే వెళ్లిపోయింది. రెండోసారి మాత్రం, "ఇంట్లో కొంచెం ఇబ్బందిగా ఉంది మేడమ్," అంది.

"ఆగమ్మా. ఇక్కడ నువ్వు ఎవరికీ భార్యవి కాదు, కోడలివీ కాదు. యజమానివి. అమ్మకాల సంగతి చూద్దాం," అంది పెద్దావిడ.

అమ్మాయి తలూపి కాగితాలు తీసింది. మగాళ్లలా తాను ఆరా తియ్యనందుకు పెద్దావిడ ఆ రోజంతా తన భుజం తానే తట్టుకుంది.

ఈ సోమవారం లాండ్రీ చేతులు మారిందని కబురొచ్చింది. పెద్దావిడ పరుగున వెళ్లింది. షెడ్డులో మిషన్లు తిరుగుతున్నాయి, ఆడవాళ్లు తలొంచుకుని దుప్పట్లు మడుస్తున్నారు. గేటు దగ్గర ఒక కుర్రమొహం పెద్దమనిషి మర్యాదగా, "మా వదిన మానేసిందండీ. ఇప్పుడు నేనే చూసుకుంటున్నా," అన్నాడు.

వదిన ఆస్పత్రి వెనక, బట్టల గదిలో దొరికింది. తాను ఉతికించిన ఆఖరి మూటలు అప్పజెబుతోంది.

"షెడ్డు మా ఆయనదే మేడమ్. కంపెనీలో సగం తన పేర పెట్టమన్నాడు. సగానికి పైగా నా పేరే ఉండాలని మీ షరతు కదా, కుదరదన్నాను. అద్దె గడువు అయిపోగానే షెడ్డు తమ్ముడికి రాసిచ్చాడు."

"మిషన్లు మనవి. కోర్టుకెళ్దాం."

"వెళ్లొచ్చు, ఏళ్లు పడుతుంది. ఆస్పత్రికి దుప్పట్లు రేపే కావాలి. మనవాళ్లని అతని దగ్గర చేరమని నేనే చెప్పాను. వాళ్ల ఇళ్లు గడవాలిగా."

"ముందే ఎందుకు చెప్పలేదే?"

అనేసి పెద్దావిడ నాలిక కరుచుకుంది.

"రెండుసార్లు వచ్చాను అక్కా."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, పెద్దావిడ తిట్లు తిని ఇంటికి పోయేది.

"మీకు డబ్బిచ్చే పెద్దవాళ్లకి ఏమని రాస్తారు?" అడిగింది అమ్మాయి.

"జరిగిందే రాస్తాను. మొగుడు లాక్కున్నాడని."

"వద్దు. ప్రతి ఆడదాని వెనకా ఒక మొగుడుంటాడు, అందుకే ఆడవాళ్లని నమ్ముకోవద్దన్నాం అంటారు. నా తర్వాత ఎంతమంది దరఖాస్తు పెట్టుకున్నారు?"

"పదకొండు మంది."

"మరైతే నాకు చేతకాలేదని రాయండి. తప్పు నా ఒక్కదాని మీదే పోతుంది."

"అలా రాస్తే నీ మొహం ఇంకెవరూ చూడరు, పిచ్చిదానా."

"తెలుసక్కా," అని ఆ అమ్మాయి మూటల చీటీ మీద ఆస్పత్రి గుమాస్తా సంతకం తీసుకుంది.

శుక్రవారం నివేదికలో, మూతపడడానికి కారణం అన్నచోట, యజమానురాలి అసమర్థత అని పెద్దావిడ రాసింది. మిగతా ముగ్గురూ సంతకాలు చేశారు. డబ్బిచ్చే పెద్దలు అది చదివి, ఆడవాళ్లయినా దాపరికం లేకుండా ఒప్పుకున్నారని మెచ్చుకున్నారు, పదకొండు దరఖాస్తులూ చూడమన్నారు. పెద్దావిడ లేచి నిలబడి, చేతులు జోడించి, వాళ్లకు కృతజ్ఞతలు చెప్పింది.