ఆ పాట నారాయణమ్మది

ఉడుకునీళ్ళ తొట్టిలో పట్టుగూళ్ళు తేలుతూ మునుగుతూ ఉన్నాయి. నారాయణమ్మ వాటిని పుల్లతో ఒకసారి కలిపి, వేళ్ళు నీళ్ళలో ముంచి, పోగుల కొసలు అందుకుంది. పదకొండేళ్ళుగా ఆ వేడిలో నానుతున్న వేళ్ళు అవి. చివర్లు తెల్లగా ఉబ్బి, గోళ్ళ పక్కన చర్మం చీలి ఉంది. చచ్చిన పురుగుల వాసనా ఆవిరీ కలిసి గొంతులోకి పోతే దగ్గు తెర వచ్చింది. దగ్గుతూనే కొసలు తెగకుండా పట్టుకుంది.

పక్క తొట్టి దగ్గర కూర్చున్న ఎస్తేరు తల తిప్పి చూసింది.

"ఏమక్కా, పొద్దున్నుంచీ లోపల్లోపల గొణుక్కుంటాండావు?"

"మాటలు పేర్చుకుంటాండా. ఆడ ధర్మవరంలో సార్ల ముందర తడబడకూడదు గదా."

హిందూపురంలోని ఆ దారం ఫ్యాక్టరీలో నారాయణమ్మ పాటలు కడుతుందని అందరికీ తెలుసు. ఆ సంగతి ఎక్కడైనా రాయించుకోవాలని మాత్రం ఆమెకు ఎన్నడూ తోచలేదు. మొన్న ఆగస్టు పదిహేనుకి కూతురి కూతురు మల్లిక బడిలో ఆమె పాటే పాడింది. పాడేముందు టీచరు మైకులో, ఇది అజ్ఞాత రచయిత పాట అని చెప్పిందట.

"అజ్ఞాతమంటే ఏందే?" అని అడిగింది నారాయణమ్మ.

"ఎవరో తెలీనోళ్ళు అవ్వా."

ఆ మాట ముల్లులా దిగింది. మర్నాడే బడికి పోయి, ఆ పాట నాదమ్మా అని టీచరుకు చెప్పింది. టీచరు నవ్వలేదు. ధర్మవరంలో గేయరచయితల సంఘం ఉందని, అందులో చేరితే పేరు నమోదవుతుందని చెప్పి దరఖాస్తు తెప్పించి ఇచ్చింది. నారాయణమ్మ దాన్ని మూడు రోజులు కూర్చుని తానే నింపింది. 'వృత్తి: దారం తీయడం. రచనలు: పద్నాలుగు పాటలు.'

మధ్యాహ్నం సెలవడిగి ప్యాసింజరు ఎక్కింది.

సంఘం గది పట్టుచీరల అంగళ్ళ వీధిలో మేడ మీద ఉంది. మెట్ల మధ్య రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. లోపల కార్యదర్శి కుర్చీలో ఉన్న మనిషిని చూడగానే ఆమెకు ధైర్యం వచ్చింది. ఆయన శివశంకర్ సారు. తలుపుల మండలంలోని వాళ్ళ ఊళ్ళో రాత్రిబడి జరిగిన రోజుల్లో టేపురికార్డరు పట్టుకుని వచ్చి, ఆమె చేత పద్నాలుగు పాటలూ పాడించుకున్నది ఆయనే. అప్పుడామె అక్షరాలు దిద్దుతూ ఉంది. పాట కట్టడానికి అక్షరాలతో పని పడలేదు.

శివశంకర్ ఆమెను గుర్తుపట్టి కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. దరఖాస్తు చదివి కళ్ళద్దాలు తీశాడు.

"పేరుతో అచ్చయిన పాటలేమైనా ఉన్నాయామ్మా? అది రూలు."

"మీరే అచ్చేసినారని మా ఊళ్ళో అనిరి గదా సార్."

ఆయన లేచి బీరువాలోంచి ఒక పుస్తకం తీశాడు. నారాయణమ్మ వేలు పెట్టి ఒక్కో పుటా తిప్పింది. తన పాటలు వరసగా ఉన్నాయి. బోరు లారి పాట దగ్గర వేలు ఆగింది.

బోరు లారి వచ్చెనమ్మా, పొలము గుండె తొలిచెనమ్మా
నూరడుగుల దుమ్ములోన తాళిబొట్టు కలిసెనమ్మా

కింద ఏ పేరూ లేదు. అట్ట మీద 'సేకరణ: శివశంకర్' అని ఉంది.

"నా పేరు యాడ సార్?"

"ఇవి జానపదాలమ్మా. జానపదానికి కర్త ఉండడు. జనమంతా కట్టుకున్నది. ఇట్లాంటివి మా అవ్వ కూడా పాడేది."

"మీ అవ్వ కాలంలో బోరు లారీ యాడిది సార్?"

గోడవార కుర్చీల్లో ఉన్న ఇద్దరు సభ్యులు పేపర్లోకి తలలు దించుకున్నారు. శివశంకర్ పుస్తకం మూశాడు.

"పాతదాంట్లో కొత్త మాటలు చేరతా ఉంటాయిలే."

"కొత్త మాట కాదు సార్. ఆ తాళి నాది. బోరేసే రోజు మెడలో నుంచి తీసిచ్చింది నేను. దుమ్ము తప్ప చుక్క రాలేదు. మా ఆయన అంజనప్ప ఆ గుంత పక్కన రెండు దినాలు కూర్చున్నాడు, కూడు తినకుండా. ఆయప్ప లేసి వచ్చేదానికని కట్టినా ఆ పాట. అప్పుడు జనమెవరూ రాలేదు." గొంతు పెంచలేదు. మూసిన అట్ట మీద వేలు పెట్టింది. "పేరు తీసేసింది మీరు. పేరు లేదు కాబట్టి చేర్చుకోం అనేదీ మీరే."

"కోపగించుకోవద్దమ్మా. వచ్చే నెల సభలో జానపద గాయనిగా శాలువా కప్పుతాం."

"వద్దు సార్. ఉన్న పేరు గూడా మూసుకుపోతాది."

ఆమె లేచింది. ఆయన దరఖాస్తు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

"అది ఈడే పెట్టుకోండి. ఆ ఒక్క కాగితమన్నా మీ బీరువాలో నా పేరుతో ఉండనీ."

సాయంత్రం ప్యాసింజరులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదుటి బల్ల మీద చెనక్కాయలు పీకే కూలికి వచ్చి పెనుకొండకు తిరిగిపోతున్న ఆడవాళ్ళు నలుగురు. చీర కొంగుల నిండా ఎర్రమట్టి. వాళ్ళలో ఒకామె కూనిరాగం తీస్తే మిగతావాళ్ళు అందుకున్నారు. బోరు లారి పాటే. రెండో పాదంలో 'కాలిమెట్టె కలిసెనమ్మా' అన్నారు.

నారాయణమ్మ ఉండబట్టలేకపోయింది.

"మెట్టె కాదమ్మా. తాళిబొట్టు."

"నీకెట్ల తెలుసక్కా?" అంది వాళ్ళలో పెద్దామె, నల్లమ్మ.

"పోయింది నాది కాబట్టి. కట్టింది నేను కాబట్టి."

నల్లమ్మ ఆమె ముఖాన్ని, తెల్లగా ఉబ్బిన వేళ్ళని చూసింది. ఋజువు అడగలేదు.

"నీ పేరేమక్కా?"

"నారాయణమ్మ. తలుపుల తట్టు."

"ఏమే, వింటిరా? ఈ పాట తలుపుల నారాయణమ్మదంట. మెట్టె కాదంట, తాళంట. సరిగ్గా పాడండి."

వాళ్ళు మొదటినుంచీ మళ్ళీ ఎత్తుకున్నారు. ఈసారి తాళిబొట్టనే పాడారు. పెనుకొండలో దిగేటప్పుడు నల్లమ్మ ఒడి విప్పి, దోసెడు పచ్చి చెనక్కాయలు ఆమె ఒళ్ళో పోసింది. వాళ్ళు ప్లాట్‌ఫారం దాటిపోయేదాకా పాట వినిపించింది.

రైలు కదిలాక ఆమెకు కోపం మళ్ళీ వచ్చింది. కూలి చేసుకునే మనిషి ఒక్క మాటతో నమ్మింది. ఆ సారు తన చేతనే టేపులో పాడించుకుని కూడా కాదన్నాడు. రేపు మళ్ళీ పోవాలి, ఆ పుస్తకం పట్టుకుని కలెక్టరు దగ్గరికైనా పోవాలి అనుకుంది. ఎడమ భుజం కింద ఎవరో పిడికిలితో నొక్కినట్టయింది. తల కిటికీ ఊచలకు ఆనించింది.

హిందూపురంలో అందరూ దిగిపోయారు. ఆమె దిగలేదు.

తరువాతి వారం సంఘంవాళ్ళు సంతాపసభ పెట్టి, జానపద గాయని నారాయణమ్మ మృతికి రెండు నిమిషాలు మౌనం పాటించారు.

ఆమె దిగకుండా ఉండిపోయిన ఆ సాయంత్రం రైల్వేవాళ్ళు ఆమెను స్ట్రెచరు మీదికి ఎత్తినప్పుడు ఒళ్ళోని కాయలు బల్ల కిందికి దొర్లాయి. కిటికీ అంచు మీద మాత్రం ఒలిచి పెట్టుకున్న రెండు చెనగ్గింజలు, ఇంకా పచ్చి తడి ఆరకుండా, అట్లాగే ఉన్నాయి.