మూడో బోరెం మూల

హులిగెమ్మకు ఎనిమిదేళ్లు నిండాయి గానీ రైలు ఇంకా చూడలేదు. ఊళ్లో చూడని పిల్లలు సగం మంది ఉన్నారు, కానీ వాళ్లెవరికీ దాని మీద ఇంత పిచ్చి లేదు. ఏటా పుష్యమాసంలో పత్తి ఏరడం అయిపోగానే నాయన మద్దిలేటి బండి కట్టుకుని ఆరు క్రోసుల దూరంలో ఉన్న ఆదోనికి పంట అమ్మడానికి పోతాడు. తిరిగొచ్చి రైలు ఇట్లా వచ్చింది, అట్లా కూసింది అని చెబుతాడు. ఆయన చెప్పే రైలు ఏడాదికేడాది పొడుగవుతూ ఉంటుంది.

ఆ బండి మీద చోటు ఊరికే దొరకదు. వాళ్లింట్లో తాతలనాటి కట్టడి ఒకటుంది. బోరెం తొక్కినవాళ్లే బండెక్కాలి. బోరెం అంటే మనిషెత్తు గోనెసంచి. దాన్ని దూలానికి వేలాడదీసి, లోపలికి తేలికపాటి మనిషిని దించి, పైనుంచి గంపలతో పత్తి పోస్తారు. లోపలున్నవాళ్లు తొక్కుతూ తొక్కుతూ పైకి రావాలి. సరిగ్గా తొక్కని బోరెం దారిలో కుంగిపోయి బండి మీంచి జారుతుంది. నిరుటి దాకా చిన్నాన్న కొడుకు లక్ష్మప్ప తొక్కేవాడు. ఈ ఏడు వాడు బరువెక్కాడు, దూలం కిర్రుమంది. అట్లా ఆ పని హులిగెమ్మకు వచ్చింది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ పిల్ల మామూలుగా నడిస్తే ఒట్టు. వాకిట్లో, కళ్లంలో, ఆఖరికి సంగటి ముద్ద ముందు కూడా కాళ్లు తొక్కుతూనే ఉన్నాయి.

బయల్దేరే రోజు కోడి కూయకముందే లేచి, తన గుడ్డమూట తీసుకుపోయి బండిలో పెట్టేసింది. అందులో ఒక పావడా, రెండు జొన్నరొట్టెలు ఉన్నాయి. ఎద్దులు ఇంకా లేవనే లేదు.

అంతకుముందు రాత్రే ఇంట్లో మేక ఈనింది. రెండు పిల్లలు. రెండోది మరీ బక్కది, తల్లి దాన్ని దగ్గరికి రానివ్వలేదు. "దీన్ని వెచ్చగా పెట్టల్లప్పా, లేకుంటే ఈ సలికి బతకదు" అని దేవక్క అవ్వ దాన్ని హులిగెమ్మ తమ్ముడు, నాలుగేళ్ల భీమన్న ఒళ్లో పెట్టింది. మరి వాడికి తెలిసిన వెచ్చని చోటు ఒకటే. వసారాలో పత్తి నింపిపెట్టిన గంపల్లో ఒకదాంట్లో పిల్లను పడుకోబెట్టి, పైన మరో రెండు దోసిళ్ల పత్తి కప్పి, పోయి పొయ్యి పక్కన నిద్రపోయాడు. ఎవరికైనా చెప్పాలని వాడికి తోచలేదు.

"తొక్కుమే, గట్టిగా తొక్కు" అంటూ మద్దిలేటి లాంతరు వెలుగులో గంపలు కుమ్మరిస్తున్నాడు.

"తొక్కతాండా నాయనా" అని బోరెంలోంచి గొంతు.

మొదటి రెండు బోరేలు హులిగెమ్మ బ్రహ్మాండంగా తొక్కింది. ముక్కులో పత్తి దూరినా, తుమ్ములొచ్చినా ఆగలేదు. మూడోది మూతిదాకా వచ్చేసరికి మంచు పట్టిన పత్తిలో కాళ్లు కొయ్యబారిపోయాయి. అప్పుడే ఆఖరి గంప పడింది. ఎడమ మూల కాలికి ఏదో వెచ్చగా తగిలింది. కుప్ప అడుగు పత్తి ఆవిరి పట్టి వెచ్చగా ఉంటుందని అవ్వ చెప్పేది. అదే అనుకుని, రెండు పాదాలూ ఆ వెచ్చదనానికి ఆనించి నిలబడింది. ఎంత హాయో. నాయనకు చప్పుడు వినిపించాలి కాబట్టి అప్పుడప్పుడు కుడివైపు మాత్రం ధన్ ధన్‌మని తొక్కింది.

మద్దిలేటి దబ్బనంతో మూతి కుడుతూ, "ఈ మూల ఏంమే, మెత్తగా ఉండాది?" అన్నాడు.

"బాగనే తొక్కినా నాయనా" అంది హులిగెమ్మ, దొంగముఖం లాంతరుకు అవతల పెట్టుకుని.

నాలుగోదీ అయింది. తెల్లారింది. ఎద్దుల్ని కాడికి కడుతుండగా భీమన్న కళ్లు నులుముకుంటూ వచ్చి గంపలన్నీ తిరగేశాడు.

"నా పిల్ల యాడ?"

"ఏం పిల్లరా?" అంది తల్లి అంజినమ్మ.

"మేకపిల్ల. గంపలో పండుకోబెట్టినా."

గంపలన్నీ ఖాళీ. అంజినమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మద్దిలేటి వసారాలో నిలబెట్టిన నాలుగు బోరేలనూ చూశాడు. "ఏ దాంట్లో పడినాదని ఇప్పేది? అన్నీ ఇప్పితే ఈపొద్దు పయనం లేదు. అయినా అంత తొక్కినాంక..." అని ఆపేశాడు, భీమన్న వింటున్నాడని.

భీమన్న ఏడవలేదు. అక్క కాళ్ల వైపు చూశాడు.

హులిగెమ్మ కూడా తన పాదాల వైపు చూసుకుంది. ఆ వెచ్చదనం ఏమిటో ఇప్పుడు తెలిసింది. చెబితే తొక్కలేదని బయటపడుతుంది. రైలు పోతుంది. ఇంకో ఏడు ఆగాలి, అప్పటికి తనూ బరువెక్కితే ఇక ఎప్పటికీ లేదు. చెప్పకపోతే పిల్ల పోతుంది.

"మూడోది" అంది. "ఎడమ మూల. ఆడ నేను తొక్కలా నాయనా. వెచ్చగుంటే కాళ్లు పెట్టుకుని నిలబడుకున్యా."

మద్దిలేటి పురికొస కోసి, మోచేతిదాకా చెయ్యి దూర్చాడు. ఒళ్లంతా పత్తి అంటుకుని, రెండు చెవులు మాత్రం కనబడుతూ వచ్చింది పిల్ల. కదల్లేదు. అది ఒక్క తుమ్ము తుమ్మి, మే అంది. భీమన్న అప్పుడు ఏడ్చాడు, నవ్వుతూనే.

"మా హులిగి సోమరితనం ఈపొద్దు ఒక పానం నిలబెట్టినాది" అని అవ్వ పకపకా నవ్వింది. అంతా నవ్వారు. హులిగెమ్మ మాత్రం మెల్లగా బండి దగ్గరికి పోయి తన మూట దించుకుంది.

"అదేల దించుతాండావు?" అన్నాడు మద్దిలేటి.

"తొక్కినోళ్లే గదా బండెక్కేది."

మద్దిలేటి వెనక్కి తిరిగి వసారాలోకి పోయాడు. బోరేన్ని మళ్లీ దూలానికి తగిలించి, "ఆ మూల ఇంగా ఎవురూ తొక్కలేదు. రా" అన్నాడు.

తొక్కిందంటే మామూలు తొక్కుడు కాదు. దూలం మీది దుమ్మంతా రాలింది. మద్దిలేటి ఆ మూల పిడికిలితో గుద్ది, చెయ్యి విదిలించుకుని, మూట తనే తీసుకుపోయి బండిలో పెట్టాడు.

భీమన్న మేకపిల్లను ఎత్తుకుని ఊరి పొలిమేరదాకా బండి వెనకే పరుగెత్తుకొచ్చాడు. హులిగెమ్మ బోరేల పైన కూర్చుంది. చుట్టూ మంచులో జొన్నచేలు, కింద ఎద్దుల గంటలు. సంతోషం పట్టలేక ఒళ్లంతా వణుకుతోంది, చలికి కూడా. మద్దిలేటి వెనక్కి తిరక్కుండానే తన గొంగడి పైకి విసిరాడు.

"కాళ్లకు కప్పుకో. సలైతే సెప్పల్లమ్మా, దొంగగా నిలబడేదేల?"

హులిగెమ్మ కాళ్లు ముడుచుకుని కప్పుకుంది. కొంచెం దూరం పోయాక, "నాయనా, రైలు ఎంత పొడుగుంటాది?" అనడిగింది.

మద్దిలేటి చెప్పబోయి, ఆగి, గొంతు సవరించుకున్నాడు.

"నేను సెప్పినంత ఉండదులేమ్మా" అన్నాడు.