బండోడు మొదటి పేజీకెక్కిన రోజు

పేపర్ల కొట్టు ముందు తాడుకి వేలాడుతున్న మొదటి పేజీ చూడగానే ఆవిడకి ముందుగా ఏమనిపించిందో తెలుసా? అక్షరాల మధ్య ఎడం భలే కుదిరిందని! ఛీ. అక్కడ ఏం రాసుందో ఆ తర్వాత బుర్రకెక్కింది.

"వంతెన బేకరీ రొట్టెలో ఎలుక తోక." బెత్తెడు ఎత్తున, పేజీ ఆ చివర్నించి ఈ చివరిదాకా.

ఆవిడ వృత్తి అక్షరాలు గీయడం. పత్రికల వాళ్ళకీ పోస్టర్ల వాళ్ళకీ కొత్త అక్షరాలు తయారుచేసి ఇస్తుంది. ఈ శీర్షికలో ఉన్నది ఆవిడ రెండేళ్ళ చాకిరీ. లావుగా, ఇరుకుగా, పొడుగ్గా, ప్రతి గీత అడుగునా ఇటుకలాంటి పలక పాదంతో, ఎవడొచ్చినా జరగనన్నట్టు నిలబడే అక్షరం. పెద్ద శీర్షికలకి తప్ప దేనికీ పనికిరాదు. మెల్లగా మాట్లాడటం దానికి చేతకాదు. ఇంట్లో అందరూ దాన్ని బండోడు అనేవాళ్ళు.

ఇలాంటి అక్షరం పేజీలో ఎలా ఉంటుందో చూపించడానికి ఒక ఉత్తుత్తి శీర్షిక పెట్టి ఇస్తారు. అసలు వార్త రాగానే దాన్ని తీసేస్తారు. అందులో నిజమైన మనుషుల్నీ నిజమైన కొట్లనీ పెట్టకూడదని పని నేర్పిన పెద్దాయన నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. కానీ వంతెన బేకరీ ఎవరిది? సొంత బావది, అక్క మొగుడిది. మరదలన్నాక బావని ఆటపట్టించకుండా ఉంటుందా? పోయిన వారం ఆ నమూనా కాగితం చూపిస్తే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "తోకొక్కటే మిగిల్చావేం మరదలా, మిగతాది నువ్వే తినేశావా?" అన్నాడు. అక్క ఆ పూట ఇంట్లో లేదు.

ఆ నమూనానే మార్చకుండా పత్రికాఫీసుకి పంపింది. ఎలాగూ తీసేస్తారు కదా అనుకుంది మహాతల్లి. వాళ్ళు తీసెయ్యలేదు. కింద వార్తేమో నీళ్ళ పైపుల గురించి. దాన్ని చదివినవాడెవడు?

బేకరీకి పరుగెత్తింది. ఆ వేళకి వరస రోడ్డుదాకా ఉండాలి. ఒక్క నరపురుగు లేదు. మెట్ల మీద ఎవడో కాండ్రించి ఉమ్మిపోతే బావ వంగి కడుగుతున్నాడు. లోపల బల్ల నిండా రొట్టెలు అలాగే చల్లారుతున్నాయి. అక్క ముఖం ఏడ్చి ఏడ్చి వాచిపోయింది.

"చూశావుటే? ఇరవై రెండేళ్ళు పిండి పిసికితే ఒక్క లైనుతో బజార్న పడేశారు. ఎవడే వాడు? అది రాసిన చేతులు పడిపోను! వాడి నోట్లో పురుగులు పడ!"

ఆవిడ చేతులు సంచి వెనక్కి పోయాయి. బావకి తెలుసు. అయినా చీపురు ఆపకుండా, "పోనీలేవే, ఏదో పొరపాటు. ఎవరైతేనేం" అన్నాడు అక్కతో. మరదలి వైపు కన్నెత్తి చూడలేదు. ఆ మంచితనం చూసి ఆవిడకి తన మీద తనకే రోత పుట్టింది. చెప్పేస్తే పోయేది. ఏడుపు లంకించుకుంది. పైగా అక్కే ఆవిడ బుగ్గ నిమిరి, "నువ్వెందుకే ఏడుస్తావు, నువ్వేం చేశావు" అంది.

అక్కణ్ణించి తిన్నగా పత్రికాఫీసుకి వెళ్ళింది. పేజీలు పేర్చే ఆయన తలెత్తలేదు. "అంత గట్టిగా కనపడేసరికి నిజమే అనుకున్నానమ్మా" అన్నాడు.

సంపాదకుడు మాత్రం తెగ సంబరంగా ఉన్నాడు. "ఎనిమిదింటికల్లా ఒక్క కాపీ మిగల్లేదండీ! అక్షరమంటే అదీ!"

"తప్పైపోయిందని వెయ్యండి. అదే అక్షరంలో, అదే చోట, అంతే ఎత్తున."

"సవరణలు ఏడో పేజీలో చీమ తలకాయంత వేస్తాం. లెంపలేసుకోడానికా ఇంత అక్షరం చేయించుకుంది?" పళ్ళ సందున ఇరుక్కున్నదేదో అగ్గిపుల్లతో లాగి, తేరిపార చూసుకుని, మళ్ళీ నోట్లో వేసుకున్నాడు. యాక్! "అయినా ఆ ముక్క రాసింది మేమా? రాసిందెవరో అందులోనే ఒప్పుకుంటే వేస్తా. ఒప్పుకుంటారా?"

జడిసి పోతుందనుకున్నాడు. ఆవిడకేమో ఆ గదిలో గాలి పీల్చాలన్నా వెగటుగా ఉంది. వెళ్ళి పేజీలు పేర్చే ఆయన కుర్చీలో తనే కూర్చుంది. "పొరపాటున పడిన వార్త" అని మొదలుపెట్టింది. బండోడి ఒంటి మీద ఆ సాకు ఎంత నీచంగా ఉందంటే తనే చెరిపేసింది. చివరికి మూడు వరసలు నిలిచాయి.

రొట్టెలో ఎలుక లేదు.
అది పచ్చి అబద్ధం.
రాసింది బేకరీ ఆయన మరదలు.

బావకి ఉన్నది ఒక్కతే మరదలు. ఊరందరికీ తెలుసు.

సంపాదకుడు ఆవిడ భుజం మీంచి చదివి లొట్టలేశాడు. "అబ్బో, మరదలా! ఇది ఇవాళ్టిదానికంటే బాగా పోతుంది. వేసెయ్యండి, వేసెయ్యండి!" వాడి మొహాన ఉమ్మేద్దామన్నంత అసహ్యం వేసింది. ఉమ్మితే వెయ్యడు, వెయ్యకపోతే బేకరీ మూతపడుతుంది. మింగుకుని బయటపడింది.

ఆ సాయంత్రమే అక్కకి చెప్పాల్సింది. బేకరీ మలుపుదాకా వెళ్ళి వెనక్కొచ్చేసింది. పిరికి మొహంది.

మర్నాడు పొద్దున్న వరస మళ్ళీ రోడ్డెక్కింది. సగం మంది రొట్టె కోసం, సగం మంది వింత చూడటానికి. ఆవిడా అందరి వెనకాల నిలబడింది. బావ లోపల పొయ్యి దగ్గర ఉన్నాడు. బల్ల దగ్గర అక్క, పక్కన మడత విప్పిన పేపరు. వచ్చిన ప్రతివాళ్ళనీ పలకరించి, రొట్టె కాగితంలో చుట్టి, నవ్వి చేతిలో పెడుతోంది. ఆవిడ వంతు వచ్చింది.

"అక్కా," అంది.

అక్క చేతులు తుడుచుకుంది. చెల్లెలి భుజం మీంచి వెనకున్న మనిషిని చూసింది.

"మీకేం కావాలండీ?" అంది.