ఓడిల్ వేసిన ఆకాశం

గోడ పదిన్నర అడుగులు. కాగితం పన్నెండు. పెట్టె మీది చీటీలో ఆ రెండు అంకెలు చూడగానే తెలిసింది, కొల్మార్ ఊళ్లో ఎవరో నా భార్య పనిని కోసేస్తారని.

మా కార్ఖానాలో గోడకాగితం తయారుచేస్తాం. గది చుట్టూ తిరిగే ఒకే బొమ్మ, ఇరవై పట్టీలు. ఇది హిందూదేశపు నది. మాలో ఎవరూ ఆ దేశం చూడలేదు. గీసినాయన కూడా చూడలేదు. అరటిపళ్ల కొసలన్నీ నేలవైపు తిప్పాడు. ఒకసారి ఓడ కళాసీ ఒకడు అది చూసి పడీపడీ నవ్వాడు. అయినా కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు.

ముందు ఆకాశం వేస్తారు. అది ఆడవాళ్ల పని. రంగు ఆరకముందే వెడల్పాటి కుంచెతో పైన ముదురు నీలం, కిందికి వచ్చేసరికి తెలుపు అయ్యేలా లాగాలి. ఆరాక దాని మీద మగవాళ్లం చెక్క అచ్చులతో బొమ్మ అద్దుతాం. ఒక్క రెల్లుపొదకే పదకొండు అచ్చులు పడతాయి. గది పొట్టిదైతే కోయడానికని ఆకాశం ఎత్తుగా వదులుతారు. బొమ్మ అడుగున ఉన్న నేలను ఎవరూ ముట్టరు. "ఆకాశం కత్తెర కోసమే పుట్టింది" అంటాడు మా మేస్త్రీ.

ఈ ఇరవై ఆకాశాలూ నా భార్య ఓడిల్ జనవరిలో జ్వరంతో వేసింది. ఇంటికి పోతానంటే, "ఈ సెట్టు ముగించి పో" అన్నాడు మేస్త్రీ. ముగించింది. తొమ్మిదో రోజున ఆమెను పాతిపెట్టాం. మేస్త్రీ ముఖం నేను ఇప్పటికీ చూడను. ఆమె వేసిన ఆ పట్టీల వెనక గుర్తుగా పెన్సిల్ గీత పెట్టుకున్నాను. వాటి మీద అచ్చులన్నీ నేనే వేశాను.

సెలవు అడగలేదు. కొల్మార్‌కు నడిచాను.

ఆ కాగితం కొన్న హాఫ్నర్ వారింటి హాల్లో, కాగితం అంటించే బ్లేజ్ మొదటి పట్టీని బల్ల మీద పరిచి ఉన్నాడు. ఆకాశానికి అడ్డంగా కొలబద్ద. చేతిలో కత్తి.

"ఆగు" అన్నాను.

"ఎవడివయ్యా? తలుపు కొట్టే అలవాటు లేదా?"

"నా పేరు థీబో. దీని అచ్చులు వేసింది నేనే."

"ఓహో! నదిని కన్న తండ్రి వచ్చాడండోయ్!"

కిటికీ దగ్గర కూర్చున్న మదాం హాఫ్నర్ లేచి వచ్చింది. "ఏమైంది? కాగితంలో లోపమా?"

"లోపం లేదమ్మగారూ. పైన కోయొద్దు. కింద కోయండి."

బ్లేజ్ పకపకా నవ్వాడు. "విన్నారా అమ్మగారూ? లాగు పొడుగైందని కాళ్లు నరుక్కోమంటున్నాడు!"

"అవునయ్యా, బొమ్మలో మనుషులకి పాదాలుండవు కదా? మా వియ్యాలవారు చూస్తే నవ్వరూ?" అంది మదాం.

"కింద అడుగు మేర బురద, రెల్లు అంతే. ఇంకో అరడుగు పిక్కల దాకా పోతుంది. కోసిన ముక్కల్లోంచి రెల్లు కత్తిరించి పిక్కల మీద అంటిస్తా. రెల్లులో నిలబడ్డట్టుంటారు."

"మరి ఏనుగో?" అందావిడ.

"అదీ రెల్లులోనే నిలబడుతుంది."

"ఇరవై ఏళ్లుగా అంటిస్తున్నా" అన్నాడు బ్లేజ్. "నేలని కోసినవాణ్ణి చూళ్లేదు. రేపు ఊళ్లో నన్ను తాగుబోతనుకుంటారు."

"ఇప్పుడేమనుకుంటున్నారు?"

మదాం నవ్వు ఆపుకుంది. "ఆకాశంలో ఏముందయ్యా అంత? ఉత్త నీలమేగా."

"అది నా భార్య వేసింది. పోయింది. ఆ రెల్లు నేను వేసింది. నేనింకా ఉన్నాను, మళ్లీ వేస్తాను."

ఆవిడ పట్టీ పైకొసను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. చాలాసేపు చూసింది. నీలం ఎక్కడ తెలుపయిందో వేలితో వెతికింది. దొరకలేదు.

"పాడైతే?"

"ఊరందరినీ పిలిచి నన్ను ఈ గోడ ముందు నిలబెట్టండి."

"కింద కోయి, బ్లేజ్."

"నేను కోయనమ్మగారూ. ఆ పాపం నాకొద్దు." కత్తి బల్ల మీద పెట్టేశాడు.

నేను తీసుకున్నాను. పట్టీలన్నిటికీ కింద ఒకే మట్టాన గీత గీసుకుని ఇరవయ్యీ కోశాను. మూడు వారాల పని నా కాళ్ల దగ్గర చుట్టలు చుట్టుకుని పడింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆగితే బ్లేజ్ ఏదో ఒకటి అనేవాడు.

అతను మొదటి పట్టీకి జిగురు రాసుకుని నిచ్చెనెక్కాడు. దాన్ని గోడకు ఆనించి, ఆకాశాన్ని పొడి కుంచెతో అడ్డంగా రుద్దబోయాడు.

"అడ్డంగా కాదు. పైనుంచి కిందికి."

"నాకు నేర్పుతావా?"

"నేర్పుతా."

గుర్రుగా చూశాడు. పైనుంచి కిందికే రుద్దాడు. ముదురు నీలం కప్పు అంచుకు ఆనింది. ఒక్క వేలెడు కూడా పోలేదు.

నేను మోకాళ్ల మీద కూర్చుని, పడవవాడి పిక్కల మీద రెల్లు అంటించడం మొదలుపెట్టాను.